పదో మనిషికి ఉపకారవేతనం

అమెరికా నుంచి తిరిగొచ్చాక నన్ను చూడ్డానికి వచ్చిన మా బందరువాళ్ళందరూ నయాగరా గురించే అడిగారు. చూశాను. నీళ్ళు పైనుంచి కిందికి పడుతున్నాయి. మన దగ్గరా అలాగే పడతాయి గదా అంటే వాళ్ళకు కోపం వచ్చింది. పోనీ పెద్ద పెద్ద మేడల సంగతి చెప్పమన్నారు. మెడ నొప్పి పుట్టిన సంగతి తప్ప నాకింకేమీ గుర్తులేదు. గుర్తున్నదల్లా మిషిగన్ రాష్ట్రంలో పడమటివైపున, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు. పేరు చెప్పినా ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పను. అక్కడ నేను ఉన్నది ఒక శుక్రవారమూ, ఒక శనివారమూ. వెళ్ళినవాళ్ళు ఎవరూ ఆ ఊరు చూడరు గనక చూసిన నేనే రాస్తున్నాను.

ఫార్మింగ్టన్ హిల్స్

మా చిన్నాన్న కూతురు సుగుణ డాక్టరు. భర్త కార్ల కంపెనీలో ఇంజనీరు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు. నేను దిగిన వారానికే ఇంట్లో విందు పెట్టి చుట్టుపక్కల తెలుగువాళ్ళను పిలిచింది. నేను ప్లీడరునే అయినా, బందరులో పేద విద్యార్థుల హాస్టలు ఒకదానికి కార్యదర్శిని కూడా. ఆ సంగతి తెలియగానే అందరూ నాకు సలహాలివ్వడం మొదలుపెట్టారు. చందా అయితే రసీదు రాయాలి, సలహాకు ఆ బాధ లేదు.

వాళ్ళలోనే ఒక పెద్దమనిషి గుత్తొంకాయ కూర కలుపుకుంటూ అన్నాడు. "శాస్త్రిగారూ, మనం జ్యూయిష్ కమ్యూనిటీని చూసి నేర్చుకోవాలండీ. పిల్లల కాలేజీకి స్కాలర్‌షిప్పులు, సమ్మర్ క్యాంపులకి గ్రాంట్లు, అంతా ఆర్గనైజ్డ్‌గా చేస్తారు."

"మీరెప్పుడైనా దగ్గరుండి చూశారా?" అన్నాను. కోర్టు అలవాటు.

"చూడక్కర్లేదండీ. అందరికీ తెలుసు."

అందరికీ తెలిసిన విషయాన్ని చూసినవాడు ఒక్కడూ ఉండడని నా వృత్తిలో నేర్చుకున్నాను. అప్పుడు వంటింట్లోంచి సుగుణ అంది. "నేను చూశాను అన్నయ్యా. సాటర్‌డే నాకు పడమట లేక్ ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో హాస్పిటల్‌లో డ్యూటీ ఉంది. ఫ్రైడే నాతో వచ్చేయ్, చూపిస్తాను."

దారిలో

మార్చి వచ్చినా మంచు పోలేదు. ఊరు దాటే ముందు సుగుణ ఒక యూదుల రొట్టెల దుకాణం దగ్గర కారు ఆపింది. నడుమ చిల్లి ఉన్న గుండ్రటి రొట్టె, చూడ్డానికి మన గారెకు పెద్దన్నలా ఉంటుంది, నమిలితే మాత్రం దవడలకు పని. ఒక్కోటి ముప్ఫై అయిదు సెంట్లు, అంటే మన నాలుగు రూపాయల పైమాటే. గారెకు ఇంత ధర పెడితే బందరులో దుకాణం మీద రాళ్ళు పడతాయి. నేను శాకాహారినని చెబితే గల్లా దగ్గరావిడ నవ్వి, ఇది పాలవంటల కొట్టు, మాంసం గడప తొక్కదు, నిశ్చింతగా తినమంది. మాంసానికీ పాలకూ గిన్నెలు వేరు, గరిటెలు వేరు, కడిగే తొట్టి కూడా వేరట. మా అమ్మ మడి తర్వాత ఇంత పట్టింపు నేను మళ్ళీ ఇక్కడే చూశాను.

కారు హైవే ఎక్కాక సుగుణ సంగతి చెప్పింది.

"హ్యారీ అని నా పేషెంట్ అన్నయ్యా. షూ స్టోర్ నడిపి రిటైర్ అయ్యాడు. వాళ్ళకి చిన్న సినగాగ్ ఉంది. పదిమంది పెద్ద మగవాళ్ళు ఉంటేనే అక్కడ పూర్తి ప్రార్థన చెయ్యాలి. పోయినవాళ్ళ కోసం చెప్పే ప్రేయర్ కూడా అంతే. ఊళ్ళో ఏమో మనుషులు తగ్గిపోయారు. అందుకని హ్యారీ ఒక ఫండ్ పెట్టాడు. ఆ ఊరి కాలేజీలో చదివే జ్యూయిష్ స్టూడెంట్‌కి ఏటా ఫీజు కడతారు. ప్రతి సాటర్‌డే వచ్చి పదిమందిలో నిలబడాలి, అదీ కండిషన్."

సినగాగ్ అంటే మన తెలుగు బైబిల్లో సమాజమందిరం అంటారే, అదే.

"జీతమిచ్చి భక్తుణ్ణి పెట్టుకున్నారన్నమాట," అన్నాను.

"నువ్వు అలాగే అంటావని తెలుసు. విను. లాస్ట్ ఇయర్ కుర్రాడు చదువైపోయి వెళ్ళిపోయాడు. ఇప్పుడు తొమ్మిదిమందే మిగిలారు. ఈసారి అప్లై చేసింది ఒక్కళ్ళే. రూత్ అని, అమ్మాయి. వీళ్ళేమో ఆడవాళ్ళని లెక్కలో వెయ్యరు."

"ఎక్కడా వెయ్యరా?"

"సిటీల్లో చాలాచోట్ల ఇప్పుడు వేస్తున్నారు. ఎవరి మందిరం వాళ్ళిష్టం. ఇక్కడా మిగతా ఎనిమిదిమంది సరేనన్నారు. హ్యారీ ఒక్కడే ఒప్పుకోవట్లేదు. ఫండ్ పెట్టింది ఆయన కాబట్టి ఆయన్ని కాదని ఎవరూ ముందుకెళ్ళరు. ఈ స్ప్రింగ్‌లో ఏదోటి తేలకపోతే మందిరం క్లోజ్ చేసి, ఫండ్ డెట్రాయిట్ వాళ్ళకి అప్పజెప్పేస్తారట."

మర్నాడే హ్యారీ భార్య ఎస్తేరు పోయి ఏడాది. కొడుకు డేవిడ్ ఇలినాయ్‌లోని అరోరా నుంచి కారులో వస్తున్నాడు. అతనితో కలిపితే పదిమంది అవుతారు, కాబట్టి ఆ పూటకు గండం గడుస్తుంది అంది సుగుణ. మనకు సంవత్సరీకానికి భోక్తలు దొరక్క పక్క ఊరికి కబురు పెట్టడం లేదూ, నాకు ఆ ఇబ్బంది వెంటనే అర్థమైంది.

హ్యారీ ఇల్లు

చేరేసరికి సాయంత్రమైంది. హ్యారీకి ఎనభై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి, పెద్ద చెవులు. ఎవరినైనా చూస్తే ముందు పాదాలవైపు చూస్తాడు. నా పాదాలు చూసి ఉలిక్కిపడ్డాడు. నేను అలవాటు ప్రకారం జోళ్ళు గుమ్మం బయట విడిచి వచ్చాను. ఆయన వెళ్ళి తెచ్చేసరికి వాటినిండా మంచు.

"నా జీవితమంతా జోళ్ళు అమ్ముకుని బతికాను," అన్నాడు ఆయన. "వాటిని ఇలా పాతిపెట్టినవాణ్ణి మాత్రం మొదటిసారి చూస్తున్నాను."

మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, నేను నా తెలుగులో రాస్తున్నాను. జోళ్ళను ఆయనే పొయ్యి పక్కన ఆరబెట్టాడు. రూత్ అప్పటికే వచ్చి బల్లమీద పళ్ళాలు సర్దుతోంది. ఉంగరాల జుట్టు, తన కొలతకంటే పెద్ద స్వెట్టరు, గబగబా మాట్లాడే పిల్ల. జీవశాస్త్రం చదువుతోంది. రూతు, ఎస్తేరు అంటే మాకు కొత్త పేర్లు కావు. మా పేటలో నర్సులు రూతమ్మా, ఎస్తేరమ్మా అని ఇద్దరుండేవాళ్ళు. ఆ మాట చెబితే రూత్‌కి తెగ సరదా వేసింది. రాత్రంతా తనను రూతమ్మ అనే పిలవమంది.

చీకటిపడేముందు కొవ్వొత్తులు వెలిగించారు. అది ఇంటి ఇల్లాలి పని. ఏడాదిగా హ్యారీయే వెలిగిస్తున్నాడు. జడలా అల్లిన రొట్టె, బంగాళాదుంప తురిమి వేసిన అట్లు, వాటిమీదకు ఆపిల్ గుజ్జు. నాకోసం ఆ పూట అంతా పాలవంటల గిన్నెలే తీశారు. అట్లు కొంచెం మాడాయి. మూడు తిని నాలుగోదానికి చెయ్యి చాపాను.

విచిత్రమేమిటంటే హ్యారీ రూత్‌ని సొంత మనవరాలిలా చూస్తున్నాడు. ప్రతి శుక్రవారం ఆమె భోజనం అక్కడే. "ఫీజు నేను కడతానన్నాను," అన్నాడు నాతో, ఆమె ముందే. "శనివారం వచ్చి కూర్చో, పాడు, తిను. లెక్క సంగతి వదిలెయ్. ఒప్పుకోదు."

"ఊరికే కూర్చోడానికి నేను డబ్బు తీసుకోను," అంది రూత్. "నన్ను లెక్కపెట్టండి, అప్పుడు తీసుకుంటాను. లేదా డబ్బు ఇవ్వకండి, ఊరికే వస్తాను. రెండిట్లో ఏదైనా సరే."

"చూశారా, మొండిఘటం," అని హ్యారీ ఇంకో అట్టు ఆమె పళ్ళెంలో వేశాడు. ఆమె తింది. ఇద్దరిలో ఒక్కరి గొంతూ పెరగలేదు. ఇది వాళ్ళకు ప్రతివారం జరిగే వ్యవహారం అని నాకు తెలిసిపోయింది.

వారాల కుర్రాళ్ళు

అసలీ నిధి పెట్టాలని ఎందుకు తోచింది అని నేనే అడిగాను. హ్యారీ రొట్టె తుంచుతూ పోలండులో తన చిన్నప్పటి సంగతి మొదలుపెట్టాడు. వేదపాఠశాల లాంటి బడి కోసం పన్నెండేళ్ళకే ఇల్లు వదిలి పొరుగూరు వెళ్ళాడట. పడక బడిలోనే. తిండి మాత్రం రోజుకొక ఇంట్లో. ఆదివారం ఒక ఇల్లు, సోమవారం ఒక ఇల్లు.

"ఆగండి. వారాలు చేసుకున్నారా?" అన్నాను తెలుగులోనే. తర్వాత తేరుకుని ఇంగ్లీషులో చెప్పాను. మా నాన్న పోయాక నేను బందరులో చదువుకున్నది అలాగే. సోమవారం తాలూకాఫీసు గుమస్తాగారిల్లు, మంగళవారం పూసల కొట్టువారు. బుధవారానికి ఇల్లు దొరక్క అటుకులు నానబెట్టుకునేవాణ్ణి. హ్యారీ చేతిలో రొట్టె కింద పెట్టేశాడు. పోలండులోనూ మచిలీపట్నంలోనూ ఒకటే ఆచారం ఉంటుందని మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. సుగుణ కూడా నోరు తెరుచుకుని చూస్తోంది. నేను వారాలు చేసుకున్నానని దానికీ అప్పుడే తెలిసింది.

"పిలిచేదాకా ఏం చేసేవారు?" అని అడిగాడు హ్యారీ.

"గుమ్మం పక్కన నిలబడి దగ్గేవాణ్ణి."

"నేనూ అంతే," అన్నాడు ఆయన. "నిజం దగ్గు వచ్చినప్పుడు కూడా సిగ్గేసేది."

ఇక మమ్మల్నెవరూ ఆపలేకపోయారు. ఏ ఇల్లాలు మజ్జిగ ఎత్తునుంచి పోసేది, ఏ ఇల్లాలు గంజిలో వెన్న దాచి ఇచ్చేది, అన్నీ బయటికొచ్చాయి. మంగళవారం రొట్టెలవాడి పెళ్ళాం తనను పెద్దబాతుల పక్కన కూర్చోబెట్టి పెట్టేదనీ, ఆ బాతులకు తనకంటే మంచి తిండి ఉండేదనీ చెప్పి హ్యారీ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. పెట్టినమ్మల పేర్లన్నీ ఆయనకు ఇప్పటికీ గుర్తున్నాయి. నాకూ ఉన్నాయి. వాళ్ళ మగవాళ్ళ పేర్లు మాత్రం ఇద్దరికీ సరిగ్గా రాలేదు.

"అందుకే నిధి పెట్టాను," అన్నాడు చివరికి. "చదువుకోవడానికి ఈ ఊరొచ్చిన మావాడెవడూ తిండికోసం గుమ్మం దగ్గర దగ్గకూడదు. మేము వాడికి అన్నం పెడతాం, వాడు మాకు పదో మనిషి అవుతాడు. దానం కాదిది, ఇచ్చిపుచ్చుకోవడం."

మా హాస్టలు గోడమీద దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించాం. పిల్లలకు మేమివ్వడమే తప్ప వాళ్ళనుంచి మాకేదైనా అవసరం ఉందని మా కమిటీలో ఎవరికీ తోచలేదు. ఆ రాత్రి అది నాకు కొత్త ఆలోచన.

శనివారం నడక

తెల్లవారేసరికి మళ్ళీ మంచు మొదలైంది. సుగుణ ఆస్పత్రికి వెళ్ళి, తర్వాత మందిరానికి వస్తానంది. విశ్రాంతిదినం గనక, కొడుక్కి ఆ పట్టింపు లేకపోయినా, హ్యారీ కారెక్కడు, నేను ఆయనతో నడిచాను. నాలో ప్లీడరు నిద్రలేచాడు.

"మీ నిధి పత్రంలో ఏమని రాసుకున్నారు? విద్యార్థి అనా, అబ్బాయి అనా?"

"విద్యార్థి అనే."

"అయితే రూత్ విద్యార్థే. మీ మతపెద్దలు కూడా మీ ఇష్టం అన్నారు. మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. ఇంక మీ అభ్యంతరానికి ఆధారమేమిటి?"

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ.

"మీరు తెలివైనవారు శాస్త్రీ. నేను చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. చలికాలంలో ఎన్నో శనివారాలు మేము తొమ్మిదిమందిమే వచ్చేవాళ్ళం. పదోవాడికోసం కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాళ్ళం. మా నాన్న తద్దినం కూడా అలా పోయింది ఒక ఏడు. ఎవరూ రారు. పుస్తకాలు మూసేసి, వెనక గదిలో భోంచేసి ఇళ్ళకు పోయేవాళ్ళం. వంట ఎస్తేరుది. ఆమె పొద్దుటినుంచీ రెండో వరసలో కూర్చునే ఉండేది. ప్రార్థన నాకంటే ఆమెకే బాగా వచ్చు."

వీధి మలుపు దగ్గర ఆయన ఆగాడు.

"ఈ పిల్లను ఇవాళ లెక్కపెడితే, ఆ రోజుల్లో కూడా మేము పదిమందిమే అన్నమాట. పదోమనిషి మా ఎదురుగా కూర్చునే ఉంది. అలాగైతే నేను ఎస్తేరుకు ఏం సమాధానం చెప్పుకోను?"

మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్న తద్దినాలకు తడిచీరతో వండి, అందరి భోజనాలూ అయ్యాక మూడుగంటలకు విస్తరి ముందు కూర్చునేది. ఆమెను ఎప్పుడూ ఎవరూ ఏ లెక్కలోనూ వెయ్యలేదు, నాతో సహా. నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను, జారిపడతాడన్న మిషతో.

సమాజమందిరం

బయటినుంచి చూస్తే పోస్టాఫీసనుకుంటారు. ఈసారి బుద్ధిగా జోళ్ళు గుమ్మంలో విప్పబోతుంటే ఎవరో ఆపి, జోళ్ళు ఉంచుకోమని, తలమీద చిన్న టోపీ పెట్టారు. దేవుడి ముందుకు మనం జోళ్ళు విప్పి వెళితే వీళ్ళు తల కప్పుకుని వెళతారు. లోపల చెక్కబల్లలు, వేడినీళ్ళ గొట్టాల చప్పుడు, పాత పుస్తకాల వాసన. అందరూ ముసలివాళ్ళు. వాళ్ళ పక్కన నేనే కుర్రవాణ్ణి. రూత్ రెండో వరసలో కూర్చుంది. నాకు ఆ చోటు వంక చూడబుద్ధి కాలేదు.

డేవిడ్ రాలేదు. సరస్సు పక్కన మంచు పడితే రోడ్లు మూసేస్తారట. టెలిఫోను ఉంది కాని ఆ రోజు ముట్టరు. పావుగంట, అరగంట గడిచింది. అందరూ వచ్చారో లేదో చూద్దామని నేను వేలు చూపిస్తూ "ఒకటి, రెండు, మూడు" అని పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముగ్గురు నలుగురు ఒకేసారి "వద్దొద్దు" అంటూ చేతులు అడ్డం పెట్టారు. మనుషులను అంకెలతో లెక్కపెట్టకూడదు, అరిష్టం. పది మాటలున్న శ్లోకం ఒకటుంది, మనిషికొక మాట చొప్పున చదువుతారు. నాకు మా కళ్ళం గుర్తొచ్చింది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనం, లాభం అంటాం. ఆ మాట చెప్పి క్షమాపణ కోరితే వాళ్ళు నవ్వి ఊరుకున్నారు.

సుగుణ వచ్చి నా పక్కన కూర్చుంది. డేవిడ్ జాడ లేదు. ముందువరసలో ఒకాయన కోటు గుండీలు పెట్టుకుంటూ, "ఇంక రాడు హ్యారీ. వచ్చే వారం చూద్దాం," అన్నాడు. రెండో ఆయన పుస్తకం మూశాడు. వాళ్ళకిది అలవాటే.

హ్యారీ తన పుస్తకం మూయలేదు. భార్య మొదటి ఏడాది. చెప్పాల్సిన ప్రార్థన నోట్లోనే ఉండిపోతోంది.

రూత్ లేచింది. ప్రార్థన లేకపోతే భోజనాలే గదా అని, పళ్ళాలు పెట్టడానికి వెనక గదివైపు నడిచింది. హ్యారీ ఆమె వెళ్ళడం చూశాడు. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

"రూత్. ఎక్కడికి?"

"పళ్ళాలు పెడదామని."

"వద్దు," అన్నాడు హ్యారీ. "ఎవరి పళ్ళెం వాళ్ళు పెట్టుకుంటారు. నువ్వొచ్చి నీ చోట్లో కూర్చో."

ఆమె వచ్చి కూర్చుంది. కోటు వేసుకున్నాయన గుండీలు విప్పాడు. హ్యారీ ముందుకు వచ్చి నిలబడి, ఒక్కొక్కరి ముఖం చూస్తూ ఒక్కొక్క మాట పలకడం మొదలుపెట్టాడు. నాకు ఆ భాష రాదు. మాట మాటకూ మధ్య ఆయన తీసుకుంటున్న ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఎనిమిదిమందికి ఎనిమిది మాటలు. తొమ్మిదో మాటకు తన గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత రెండో వరసవైపు తిరిగి చాలాసేపు చూశాడు. ఆయన చూస్తున్నది రూత్‌నో, మరెవరినో నాకు తెలియదు. పదో మాట సగం లోపలే ఉండిపోయింది, అయినా అందరికీ వినపడింది.

ఇక పుస్తకాలు తెరుచుకున్నాయి. పోయినవాళ్ళ కోసం చెప్పే ప్రార్థన ఆ పూటలో చాలాసార్లు వస్తుందట. మొదటిసారి రాగానే హ్యారీ ఒక్కడూ లేచి నిలబడి ఎస్తేరు కోసం చెప్పాడు. మధ్యమధ్య అందరూ ఒక్క గొంతుగా బదులు పలుకుతున్నారు. అందులో ఒక గొంతు పడుచుది. సుగుణ చీరకొంగు కోసం వెతుక్కుంది. కోటు వేసుకున్న సంగతి గుర్తొచ్చి అరచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

అది పూర్తి కాగానే వీధి తలుపు దడాలున తెరుచుకుంది. భుజాలనిండా మంచుతో ఒక మధ్యవయస్కుడు రొప్పుతూ లోపలికొచ్చాడు. తండ్రి చెవులే. ఎవరూ చెప్పకుండానే అతను డేవిడ్ అని తెలిసింది.

"రోడ్డు మూసేశారు నాన్నా. చుట్టూ తిరిగి వచ్చాను. నాకోసం ఆగారా? నేను పదోవాణ్ణి గదా?"

హ్యారీ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"పదకొండోవాడివి," అన్నాడు. "తలుపేసి కూర్చో."

డేవిడ్ గది అంతా ఒకసారి చూశాడు. టోపీమీద మంచు దులుపుకుని, వెళ్ళి రెండో వరసలో రూత్ పక్కన కూర్చున్నాడు.